సుబాబుల్, హెడ్జ్ లూసర్న్ కడుపునిండా పెట్టినా మేక పిల్లలు బరువు వస్తలేవు, ప్రోటీన్ ఎటు పోతుంది?

పాలమూరు జీవాలు:
అందరికీ నమస్తే. మాది నారాయణపేట దిక్కు. ఉస్మానాబాదీ మేకలు షెడ్డులనే కట్టేసి పెంచుతున్నం, బయటికి తోలుడు లేదు. సూపర్ నేపియర్ గడ్డి ఒక ఎకరం, గట్ల మీద సుబాబుల్ చెట్లు, ఇంకో చెక్కల హెడ్జ్ లూసర్న్ పచ్చిమేత ఉంది. చాఫ్ కట్టర్ల కొట్టి సగం నేపియర్, సగం సుబాబుల్ ఆకు కలిపి పొద్దున సాయంత్రం వేస్తున్నం. ఫోన్ల చార్టులు చూస్తే సుబాబుల్‌ల 22 శాతం ప్రోటీన్, హెడ్జ్ లూసర్న్‌ల కూడా దగ్గర దగ్గర అంతే అని ఉంది, అందుకే దాణా బంద్ పెట్టినం, నూనె చెక్క రేట్లు చూసినరు కదా ఎట్లున్నయో. కానీ నాలుగైదు నెలల పిల్లలు ఎదుగుతలేవు. వెన్ను మీద చేయి పెడితే బొక్క తగులుతుంది. పెంటికలు గోలీల లెక్క కాకుండ ముద్దముద్దగా పడుతున్నయ్, పొద్దుగాల షెడ్డు తలుపు తీస్తే మూత్రం ఘాటుకి కండ్లు మండుతున్నయ్. గింత ప్రోటీన్ పెడితే ఎటు పోతుంది? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

సిద్దిపేట మేకపోతు:
నట్టల మందు తాపినవా అన్నా? ముందు అది చూడు.

పాలమూరు జీవాలు:
తాపినం తమ్మీ, పేడ టెస్ట్ కూడా చేయించినం, గుడ్లు లేవన్నరు. టీకాలు కూడా అయినయ్.

ఒంగోలు మేకల ఫారం:
బ్రదర్ నేపియర్ ఎన్ని రోజులకి కోస్తున్నారు? అదొక్కటి చెప్పండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

పాలమూరు జీవాలు:
రెండున్నర నెలలు దాటినంక కోస్తున్నం అన్నా, మనిషి కంటే ఎత్తు వస్తుంది, టన్నేజీ మంచిగ వస్తదని.

ఒంగోలు మేకల ఫారం:
అదే మరి. టన్నులు వస్తాయి కానీ అందులో కాండమే ఎక్కువ. సూపర్ నేపియర్ మొదటి కోత అయ్యాక 40-45 రోజులకి కోస్తే పది పన్నెండు శాతం ప్రోటీన్ ఉంటుంది, రెండున్నర నెలలకి వదిలేస్తే ఏడెనిమిదికి పడిపోతుంది, పైగా కాండం ముదిరి లిగ్నిన్ (అరగని గట్టి పదార్థం) పట్టేస్తుంది కాబట్టి ఉన్న ప్రోటీన్ కూడా ఆ పీచు గోడల లోపల ఇరుక్కుపోతుంది, పొట్టలో సూక్ష్మజీవులు అంత తొందరగా దాన్ని తీయలేవు. మేక కూడా ఆకు ఏరుకుని తిని కాండం ముక్కలు తొట్టిలో వదిలేస్తుంది. మీరు వేసిన లెక్క వేరు, అది తిన్న లెక్క వేరు. సాయంత్రం తొట్టిలో మిగిలింది ఒకసారి తూకం వేసి చూడండి.

కర్నూలు వెటర్నరీ:
నేను పశువైద్యుడిని, కర్నూలు జిల్లాలో పని చేస్తున్నా. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ ప్రశ్న నాకు షెడ్డు పెట్టిన ప్రతి రైతు దగ్గరా ఎదురవుతోంది, అందరూ శాతం దగ్గరే ఆగిపోతున్నారు.

మొదట ఒక సంగతి. చార్టులో రాసే ప్రోటీన్ అసలు ప్రోటీన్‌ని కొలిచింది కాదు. మేతలో ఉన్న నత్రజనిని కొలిచి దాన్ని 6.25తో గుణిస్తారు, వచ్చిందాన్ని క్రూడ్ ప్రోటీన్ అంటారు. యూరియా దండిగా వేసిన లేత నేపియర్‌లో ప్రోటీన్ కాని నత్రజని కూడా ఆ లెక్కలోకే వచ్చేస్తుంది. కాబట్టి 22 అని రాసి ఉంటే 22 గ్రాములు కండ అవుతుందని కాదు.

రెండోది, మేక తిన్న ఆకు ప్రోటీన్‌లో ఎక్కువ భాగం మేకకి నేరుగా అందదు. ముందు రూమెన్‌లోకి (మేకకి ఉండే మొదటి పెద్ద పొట్ట) పోతుంది, అక్కడున్న సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. అదే అమ్మోనియా తీసుకుని అవి తమ ఒళ్లు కట్టుకుంటాయి. తర్వాత ఆ సూక్ష్మజీవులు కిందికి, నాలుగో పొట్టలోకీ పేగుల్లోకీ కొట్టుకుపోతే అక్కడ మేక వాటిని అరిగించుకుంటుంది. మేకకి అందే ప్రోటీన్‌లో పెద్ద వాటా ఇదే, నాణ్యత కూడా చాలా మంచిది.

అయితే అమ్మోనియా ఉంటే చాలదు, ఒళ్లు కట్టుకోవడానికి సూక్ష్మజీవులకి శక్తి కావాలి, అంటే పిండిపదార్థం, చక్కెర, తొందరగా అరిగే పీచు. ఇటుకలు లారీ నిండా దించి మేస్త్రీకి కూలీ ఇవ్వకపోతే గోడ లేవదు, అంతే. వాడుకోలేని అమ్మోనియా రూమెన్ గోడ గుండా రక్తంలోకి పోతుంది, కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది, అది మూత్రంలో బయటికి పోతుంది. అలా మార్చడానికి కూడా మేక ఒంట్లో శక్తే ఖర్చవుతుంది. మీ షెడ్డులో పొద్దున్నే కళ్లు మండించేది ఆ యూరియా మళ్లీ అమ్మోనియా అయినదే. మీరు గట్టు మీద పండించిన ప్రోటీన్ అది.

ఒక లెక్క చూద్దాం. 20 కిలోల పిల్ల రోజుకి ఒంటి బరువులో 4 శాతం చొప్పున 800 గ్రాముల ఎండు పదార్థం తింటుందనుకుందాం (పచ్చిమేతలో నీళ్లు తీసేసిన లెక్క). ముదురు నేపియర్ సగం, సుబాబుల్ సగం అంటే సగటున 15 శాతం ప్రోటీన్, అంటే 120 గ్రాములు. అందులో 70 శాతం రూమెన్‌లో విరిగితే 84 గ్రాములు. ఈ మేతలో జీర్ణమయ్యే పోషకాలు 52 శాతం అనుకుంటే 416 గ్రాములు. జీర్ణమయ్యే పోషకాల్లో సుమారు 13 శాతం బరువుకి సమానమైన సూక్ష్మజీవుల ప్రోటీన్ తయారవుతుందని మామూలుగా వేసుకునే లెక్క, అంటే 54 గ్రాములు. 84 విరిగితే 54 పట్టుకోగలిగింది, 30 గ్రాములు పోయింది. నోటి లెక్కే, కొంచెం అటూ ఇటూ ఉంటుంది. కానీ దారి అర్థమైంది కదా.

పాలమూరు జీవాలు:
డాక్టర్ సాబ్ చాలా థాంక్స్. అంటే ఇంకింత సుబాబుల్ పెంచితే ఇంకింత మూత్రంల పోతదా?

కర్నూలు వెటర్నరీ:
అవును, ఇప్పుడున్న మేతలో అయితే అంతే.

బద్వేలు కొండమేకలు:
అన్నలూ మాది కడప జిల్లా, తాతల కాలం నుంచి మేకలు కాసుకునే ఇల్లు. మాకు దాణా లేదు, చార్టులు లేవు, కొండకి తోల్తాం సాయంత్రం తెస్తాం, మా మేకలు నున్నగా మెరుస్తా ఉంటాయి. డాక్టరు గారు చెప్పేదాని ప్రకారం శక్తి లేకపోతే కండ రాదు గదా, మరి మా మేకలకి మొక్కజొన్న ఎవరు పెడ్తాండారు? రేగు, తుమ్మ, జమ్మి, బలుసు, ఏది దొరికితే అది తింటాయి.

కర్నూలు వెటర్నరీ:
మీ ప్రశ్న చాలా మంచిదండి. మీ మేక ఒక్క చెట్టు దగ్గర కడుపు నింపుకోదు. నాలుగు నోళ్లు రేగు, నాలుగు నోళ్లు తుమ్మ చిగురు, కింద రాలిన కాయ, కొంచెం గడ్డి, మళ్లీ ఇంకో పొద. చిగురూ కాయా ఏరుకుంటుంది, ముదురు పుల్ల ముట్టదు. కాయల్లో తీపి ఉంటుంది, గింజ ఉంటుంది, శక్తి అక్కడి నుంచి వస్తోంది. షెడ్డులో కట్టేసిన మేకకి ఆ ఎంపిక లేదు, మనం ఏది కలిపి కొడితే అదే.

ఇంకొకటి, మీరు చెప్పిన చెట్లలో టానిన్ ఉంటుంది, నోట్లో వేసుకుంటే వగరుగా తగిలేది అదే. టానిన్ ఆకు ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. రూమెన్‌లో పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6-7 మధ్య ఉంటుంది, అక్కడ ఆ పట్టు వదలదు, సూక్ష్మజీవులు విరగ్గొట్టలేవు. నాలుగో పొట్టలో ఆమ్లం వల్ల పీహెచ్ 3.5 కంటే కిందికి పోతుంది, అక్కడ పట్టు సడలుతుంది. అంటే ఆకు ప్రోటీన్ అమ్మోనియా అవకుండా రూమెన్ దాటేసి పేగులకి చేరుతుంది. మేతలో 2 నుంచి 4 శాతం దాకా ఇది మేలే.

ధర్మవరం షెడ్:
డాక్టర్ గారూ ఎక్కువైతే? నేను కరువులో జమ్మి మండలు మాత్రమే కొట్టి వేశాను, మేకలు రెండు మూడు రోజులు తిన్నాయి, తర్వాత మూతి తిప్పేసుకున్నాయి. పెంటికలు కూడా రాళ్లలా గట్టిగా అయిపోయాయి.

కర్నూలు వెటర్నరీ:
అక్కా సరిగ్గా గమనించారు. 5-6 శాతం దాటితే టానిన్ అవసరానికి మించి పట్టేస్తుంది, ప్రోటీన్ పేగుల్లో కూడా పూర్తిగా విడిపోకుండా పెంటికల్లో వెళ్లిపోతుంది, పీచు అరిగించే సూక్ష్మజీవులు కూడా నీరసిస్తాయి, మేత తినడం తగ్గుతుంది. జమ్మిలో టానిన్ చాలా ఎక్కువ, ఒక్కటే పెట్టకూడదు. అందుకే నేను చూసేది ఇది, పాలమూరు అన్న షెడ్డులో ప్రోటీన్ మూత్రంలో పోతోంది, మీ షెడ్డులో అప్పుడు పెంటికల్లో పోయింది. రెండు చోట్లా చార్టులో శాతం బాగానే ఉంటుంది.

పరిశోధనల్లో పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మందు కలిపి టానిన్ పట్టు విడిపిస్తారు, మన షెడ్డులకి ఆ ఖర్చు గిట్టదు. మేత మార్చి మార్చి వేయడమే మనకి దారి. తుమ్మ మండలు కొన్ని, లూసర్న్ కొంత, వేరుశనగ కట్టె కొంత. లేత లూసర్న్ ఒక్కటే దండిగా తిని పొట్ట ఉబ్బే మేకలకి టానిన్ ఉన్న ఆకు తోడైతే ఉబ్బరం కూడా తగ్గుతుంది. మేక ఈ విషయంలో గొర్రె కంటే గట్టిది, వగరు ఆకు తట్టుకోగలదు.

బద్వేలు కొండమేకలు:
ఇప్పుడు తెలిసింది సారూ. మా నాయన ఎప్పుడూ మేకని ఒక చెట్టు కింద నిలబడనీయడు, అదిలిస్తానే ఉంటాడు.

సిద్దిపేట మేకపోతు:
సరే శక్తి కావాలంటున్నరు కదా, అయితే అన్నా రోజుకు అరకిలో మక్క పిండి ఒక్కోదానికి పెట్టేసెయ్, బక్రీద్ దాకా పోతుల లెక్క తయారయితయ్.

కర్నూలు వెటర్నరీ:
వద్దు వద్దు, దయచేసి ఎవరూ అలా చేయకండి! పచ్చిమేత మీద ఉన్న మేకకి ఒక్కసారిగా అరకిలో మక్క పిండి పెడితే పొట్టలో ఆమ్లం పేరుకుపోతుంది, పీహెచ్ 6 కంటే కిందికి పోతే పీచు అరిగించే సూక్ష్మజీవులు పని ఆపేస్తాయి, అప్పుడు ఆకు ప్రోటీన్ సంగతి పక్కన పెట్టండి, మేకే నిలబడదు. చిటుకు రోగం కూడా ఇలాంటప్పుడే కొడుతుంది, పిండి అరగకుండా పేగుల్లోకి జారితే అక్కడున్న క్లాస్ట్రీడియం క్రిమి పెరిగి విషం వదులుతుంది, సాయంత్రం బాగున్న పిల్ల పొద్దున చచ్చి పడి ఉంటుంది. టీకా వేసినా ధైర్యం చేయకూడదు.

పిండి కాదు, నూక పెట్టండి. 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో మెల్లగా 150-200 గ్రాముల దాకా తీసుకెళ్లండి, అదీ రెండు పూటలకి పంచి, ముందు కొంచెం ఎండు మేత తిన్నాక. సూక్ష్మజీవుల గుంపు మారడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. పై లెక్కలో 150 గ్రాముల ముదురు నేపియర్ తీసి 150 గ్రాముల నూక పెడితే సూక్ష్మజీవుల ప్రోటీన్ ఏడు గ్రాముల దాకా పెరుగుతుంది. చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎదిగే పిల్లకి అది రోజూ అందాలి, పైగా మక్కలో శక్తి పిల్లకి కూడా నేరుగా పనికొస్తుంది.

ఒంగోలు మేకల ఫారం:
నూక రేటు కూడా తక్కువేం లేదు డాక్టర్ గారు. మా దగ్గర ఇంగ్లీష్ తుమ్మ (సర్కారు తుమ్మ అంటారు కొందరు) కాయలు ఎండాకాలం విపరీతంగా రాలతాయి. ఆకు మేక ముట్టదు కానీ కాయ అంటే ప్రాణం. ఎండబెట్టి పిండి మరలో ఆడించి దాణాలో పావు వంతు దాకా కలుపుతున్నాం, తీపి కాబట్టి బాగా తింటాయి. ఆడించకుండా వేస్తే గింజ అరగకుండా అలాగే పెంటికల్లో వచ్చేసి పొలమంతా మొలుస్తుంది, అది ఇంకో తలనొప్పి.

కర్నూలు వెటర్నరీ:
చాలా మంచి పని. నల్ల తుమ్మ కాయతో మాత్రం అంత పరిమాణం వద్దు, దాంట్లో టానిన్ ఎక్కువ.

సౌదీలో సిరిసిల్ల:
నేను ఇక్కడ ఒక ఫారంల మేకలు గొర్రెలు చూసుకుంట. మా దగ్గర మేత అంటే బర్సీం, అదే మన లూసర్న్, ఎండబెట్టి కట్టలు కట్టి వస్తది, దానికి తోడు షయీర్ అంటే బార్లీ గింజ పెడ్తరు. ఆకులకి తోడు గింజ అన్న మాట ఇక్కడ ముసలోళ్లకి కూడా తెలుసు. నా డౌట్ ఏంటంటే కొన్ని కట్టలు లోపల గోధుమ రంగుల ఉంటయ్, బెల్లం మాడిన వాసన వస్తది, మేకలు ఆ కట్టలకే ఎగబడతయ్. మంచిదేనా?

కర్నూలు వెటర్నరీ:
తినడానికి ఇష్టమే కానీ అందులో ప్రోటీన్ దెబ్బతిని ఉంటుంది తమ్ముడూ. తడి పూర్తిగా ఆరకముందే కట్ట కడితే లోపల వేడెక్కుతుంది, ఆ వేడికి చక్కెరా ప్రోటీన్ ఒకదానికొకటి అంటుకుపోతాయి, రంగూ వాసనా దానివే. అలా అతుక్కున్న ప్రోటీన్‌ని రూమెన్ విడదీయలేదు, పేగు కూడా విడదీయలేదు. ల్యాబ్‌లో నత్రజని కొలిస్తే మాత్రం శాతం తగ్గినట్టు కనపడదు. ఆ కట్టలు పెద్ద మేకలకి వేయండి, పాలిచ్చే వాటికీ పిల్లలకీ పచ్చగా ఉన్నవి వేయండి. మన దగ్గర మునగాకు, సుబాబుల్ ఆకు ఎండబెట్టేవాళ్లు కూడా పల్చగా నీడన ఆరబెట్టాలి, కుప్ప పోసి వేడెక్కనివ్వకూడదు.

ధర్మవరం షెడ్:
సుబాబుల్ ఎక్కువ పెడితే వెంట్రుకలు రాలతాయి అంటారు, నిజమేనా? నేను ఆ భయంతోనే తక్కువ పెడతాను.

కర్నూలు వెటర్నరీ:
భయం నిజమే అక్కా. సుబాబుల్‌లో మిమోసిన్ అనే పదార్థం ఉంది, వెంట్రుక రాలడం, నోట్లోంచి చొంగ, ఎదుగుదల ఆగడం దాని వల్లే, రూమెన్‌లో అది విరిగి తయారయ్యే ఇంకో పదార్థం థైరాయిడ్‌ని దెబ్బతీస్తుంది. దీని మీద ఒక మంచి కథ ఉంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ తిన్న పశువులు జబ్బు పడుతుంటే హవాయి దీవుల్లో మేకలు అదే తిని హాయిగా ఉండేవి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త 1980ల మొదట్లో, తేడా రూమెన్‌లో సూక్ష్మజీవులదే అని చూపించారు. హవాయి మేకల నుంచి ఆ సూక్ష్మజీవుల్ని ఆస్ట్రేలియా తీసుకెళ్లి అక్కడి పశువులకి ఎక్కిస్తే అవీ తట్టుకున్నాయి. తర్వాత 1992లో ఆ బ్యాక్టీరియాకి సినర్జిస్టెస్ జోన్సీ అని ఆయన పేరే పెట్టారు.

కాబట్టి మెల్లగా అలవాటు చేసిన మంద బాగా తట్టుకుంటుంది. అయినా మొత్తం ఎండు పదార్థంలో మూడో వంతు దాటొద్దు అని నేను చెప్తాను. పాలమూరు అన్నా, మీరు సగం పెడుతున్నారు, అది తగ్గించాలి. హెడ్జ్ లూసర్న్‌లో ఈ బెడద లేదు, దాన్ని పెంచుకోండి.

గోదావరి గట్టు:
మాకు కోనసీమలో వరిగడ్డి తప్ప ఏముందండి. గొర్రెలు మేకలు ఉన్నవాళ్లు అవిశాకు, వరిగడ్డి వేస్తుంటారు. వరిగడ్డిలో ప్రోటీన్ ఏం ఉండదు కదా, వేయడం దండగేనా?

కర్నూలు వెటర్నరీ:
ఒక్కటే వేస్తే దండగే. మేతలో ప్రోటీన్ 7 శాతం కంటే తగ్గితే సూక్ష్మజీవులకే నత్రజని చాలదు, పీచు అరగదు, అరగకపోతే పొట్ట ఖాళీ అవదు, మేక తినదు. ఇది పాలమూరు అన్నకి ఉన్న దానికి పూర్తిగా అటువైపు సమస్య. అవిశాకులో పాతిక శాతం దాకా ప్రోటీన్ ఉంటుంది, అది కొంచెం కలిపితే వరిగడ్డి కూడా బాగా అరగడం మొదలవుతుంది. ఇంకో పద్ధతి యూరియాతో మాగేయడం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50-60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి పోకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీశాక గంటసేపు ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు పిల్లలకి వద్దు. యూరియా నీళ్లు, బస్తా మేకలకి అందే చోట అస్సలు పెట్టొద్దు, తాగితే ప్రాణం పోతుంది.

మేకకి ఒక గొప్ప గుణం ఉంది, ప్రోటీన్ తక్కువైనప్పుడు రక్తంలో యూరియాని మూత్రంలో పోనివ్వకుండా లాలాజలం ద్వారా, రూమెన్ గోడ ద్వారా మళ్లీ పొట్టలోకి తిప్పుకుంటుంది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో బెడువిన్ అనే సంచార జాతివాళ్లు పెంచే నల్ల మేకలు దీనికి పేరుపొందాయి. మన ఎండాకాలంలో ఎండుగడ్డి మీద బతికే మేకలు కూడా కొంతవరకు అదే చేస్తాయి.

పాలమూరు జీవాలు:
అందరికీ శరణార్థి. రాసుకున్న, తప్పుంటే చెప్పుండ్రి. నేపియర్ మడులు చేసి 45 రోజులకొకటి వచ్చేటట్టు కోస్త. సుబాబుల్ మూడో వంతుకి తగ్గించి హెడ్జ్ లూసర్న్ పెంచుత. మా ఊర్ల వేరుశనగ కట్టె, కంది పొట్టు దొరుకుతయ్, అవి పొద్దుగాల ముందు వేసి తర్వాత పచ్చిది. మక్క నూక 50 గ్రాముల నుంచి మొదలు. ఒక ప్రశ్న, వేరుశనగ చెక్క ఉన్నది కొంచెం, అది కలపాల్నా?

కర్నూలు వెటర్నరీ:
ఇప్పుడే వద్దు అన్నా, మీకు ప్రోటీన్ తక్కువ లేదు, చెక్క కూడా రూమెన్‌లో తొందరగా విరిగేదే. దాన్ని ఎండాకాలానికి దాచుకోండి, పచ్చిమేత తగ్గినప్పుడు పనికొస్తుంది, కానీ తేమ తగలనివ్వకండి, బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఖనిజ లవణ మిశ్రమం మాత్రం మానొద్దు, అందులో గంధకం ఉన్నది తీసుకోండి, సూక్ష్మజీవులు ప్రోటీన్ కట్టుకోవాలంటే ప్రతి పది పాళ్ల నత్రజనికి ఒక పాలు గంధకం దాకా కావాలి.

బరువు రెండు వారాలకోసారి, పొద్దున మేత వేయకముందే తూకం వేయండి. పెంటికలు గోలీలుగా మారాయా, షెడ్డులో ఘాటు తగ్గిందా చూస్తుండండి, తూకం కంటే ముందే అవి చెప్తాయి.

ఒంగోలు మేకల ఫారం:
వానాకాలం 45 రోజుల నేపియర్‌లో నీళ్లు ఎక్కువ ఉంటాయి బ్రదర్, కోసిన వెంటనే కాకుండా ఒక పూట వాడబెట్టి వేయండి, లేకపోతే కడుపు నీళ్లతోనే నిండిపోతుంది.

సిద్దిపేట మేకపోతు:
డాక్టర్ సార్, మరి బక్రీద్‌కి అమ్మే పెద్ద పోతులకి నూక ఎంత దాకా పోవచ్చు? వాటికి మూత్రంల రాళ్లు వస్తయని మా దగ్గర ఒకాయన చెప్పిండు.

కర్నూలు వెటర్నరీ:
నిజమే తమ్ముడూ, గింజలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, పోతులకి రాళ్లు దాని వల్లే వస్తాయి. కాల్షియం భాస్వరం రెండుకి ఒకటి ఉండేలా చూసుకోవాలి, సుబాబుల్, లూసర్న్ లాంటి ఆకుల్లో కాల్షియం బాగా ఉంటుంది కాబట్టి ఆకు తోడు ఉంటే కొంత రక్షణ. నీళ్లు ఎప్పుడూ తొట్టిలో ఉండాలి. దీనికి వేరే టాపిక్ ఓపెన్ చెయ్యి, పోతుల బరువు, ఇప్పుడు ఏం పెడుతున్నావో రాయి, అక్కడ వివరంగా చెప్తా.